ఉలి, బాడిస, రంపము, చిత్రిక: వడ్రంగి పనిముట్ల పూర్వచరిత్ర

ఉగాది నాడు మనము ఏ ఊర ఉన్నను గుమ్మమునకు మామిడి తోరణము కట్టుదుము. గడపకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టుదుము. ఆ గుమ్మమును నిలిపినవాడు వడ్రంగి. అతని చేతిలోని ఉలి, బాడిస, రంపము ఎక్కడ పుట్టినవి, ఎన్ని వేల ఏండ్లు నడచి మన వీధికి వచ్చినవి, వానిలో మంచిదేదో చెడ్డదేదో తెలిసికొనుట ఎట్లు అను సంగతులను మాత్రము మనలో చాలమంది తలపోయరు. రాజుల చరిత్ర పుస్తకములలో దొరకును. పనిముట్ల చరిత్ర పుస్తకములలో కంటె మాటలలోను, మట్టిలోను, రాతిలోను ఎక్కువగా దొరకును. దానిని కొంత ఏర్చి కూర్చి ఈ సంచిక పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పేర్లలో దాగిన చరిత్ర

మానసారము, మయమతము వంటి వాస్తు గ్రంథములు కట్టడపు పనివారిని నాలుగు విధములుగా చెప్పుచున్నవి. వారు స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. స్థపతి మొత్తము పనికి పెద్ద. సూత్రగ్రాహి త్రాడు పట్టి కొలతలు వేయువాడు. తక్షకుడు కొయ్యను కోసి చెక్కువాడు. వర్ధకి చెక్కిన ముక్కలను జతపరచి నిలబెట్టువాడు.

ఇప్పుడు మనము నివసించు రాష్ట్రముల భాషలను వినండి. మహారాష్ట్రములో వడ్రంగిని ‘సుతార్’ అందురు. అది సూత్రధారి అను మాట నుండి వచ్చినది. అరవదేశములో ‘తచ్చన్’ అందురు. అది తక్షన్ అను మాటకు రూపాంతరము. ఒరియాలో ‘బఢేయి’, హిందీలో ‘బఢయీ’ అను మాటలు వర్ధకి నుండి పుట్టినవి. కన్నడపు ‘బడగి’కిని, మన ‘వడ్రంగి’కిని కూడ ఆ వర్ధకితోనే చుట్టరికము చెప్పుదురు. అనగా పూర్వము ఒకే పనిస్థలములో నిలబడిన నలుగురిలో ఒక్కొక్కని పేరును ఒక్కొక్క దేశము తన వడ్రంగికి పెట్టుకొన్నది. స్థపతి అను పేరు తమిళనాట ఆలయ శిల్పులకు నేటికిని గౌరవ నామముగా ఉన్నది.

పనిముట్ల పేర్లు కూడ ఇట్టివే. ‘ఉలి’ మనకును, కన్నడిగులకును, అరవలకును ఇంచుమించు ఒకే మాట. వేదకాలపు ‘వాశి’ హిందీలో ‘బసూలా’ అయినది. అరవపు ‘వాచ్చి’, కన్నడపు ‘బాచి’ కూడ ఆ ధ్వనికి దగ్గరగనే ఉన్నవి. మన ‘బాడిస’ పలుకుబడిలో కొంచెము దూరమైనను పని మాత్రము అదే. రంపమును మరాఠీలో ‘కరవత్’ అందురు. అది సంస్కృతపు కరపత్రము. కన్నడపు ‘గరగస’ సంస్కృతపు క్రకచము. కాబట్టి వేరు భాషల నడుమ పెరుగుచున్న మన పిల్లలకు ప్రక్కింటివారి వడ్రంగి పెట్టె పరాయిది కాదు. మూత తీసి చూచినచో సగము చుట్టములే కనబడుదురు.

మొదటి పనిముట్లు

రాతి గొడ్డలితో చెట్టును నరకుట మనుష్యుడు ఏనాడో నేర్చినాడు. ఐనను బల్లను బల్లగా కోయుటకు లోహము రావలసి వచ్చినది. సింధునదీ తీరపు మొహెంజొదారోలో రాగి, కంచు గొడ్డళ్లతోను ఉలులతోను పాటు పళ్లుగల రంపములు కూడ దొరకినవి. గుజరాతులోని లోథాల్‌లో దంతముతో చేసిన కొలబద్ద ముక్క దొరకినది. దానిపై గీతల ఎడము సుమారు 1.7 మిల్లీమీటర్లు. నాలుగు వేల ఏండ్లకు పూర్వమే అంత సన్నని కొలత పెట్టుకొన్నవారు పనిని కంటి అంచనాకు వదలిపెట్టలేదని స్పష్టము.

ఈజిప్టులో ఇంకను విపులమైన సాక్ష్యము కలదు. మెకెత్రే అను అధికారి సమాధిలో 1920లో చిన్న చిన్న కొయ్య బొమ్మల నమూనాలు బయటపడినవి. అవి సుమారు నాలుగు వేల ఏండ్ల నాటివి. వానిలో ఒకటి సంపూర్ణమైన వడ్రంగి శాల. నిలువుగా పాతిన గుంజకు కొయ్యను కట్టి ఒకడు కోయుచుండగా తక్కినవారు బాడిసలతో చెక్కుచున్నారు. తరువాతి కాలపు రెఖ్‌మిరే సమాధి గోడలపై విల్లుత్రాటితో త్రిప్పు బరమా కూడ చిత్రింపబడినది. మన గ్రామములలో పూర్వము వాడిన త్రాటి బరమాను చూచినవారికి ఆ బొమ్మ కొత్తగా తోచదు.

ఈ చిత్రములలో ఒక పనిముట్టు మాత్రము లేదు. అది చిత్రిక. ఈజిప్టువారు బాడిసతో చెక్కి, ఇసుకరాతితో రుద్ది నునుపు చేసినారు. చిత్రిక కథ తరువాత చెప్పెదను.

జాతక కథలో వడ్రంగుల పల్లె

ఋగ్వేదములో తక్షుడు రథము చేయువాడు. త్వష్ట, ఋభువులు దేవతలలో పనివారు. ఐనను నిజమైన వడ్రంగుల దైనందిన జీవితము కనబడు చోటు పాలిభాషలోని అలీనచిత్త జాతకము. కాశీ దగ్గర ఐదువందల మంది వడ్రంగులున్న పల్లె ఒకటి ఉన్నదట. వారు పడవలలో ఏటికి ఎదురుగా అడవికి పోయి, చెట్లు కొట్టి, ఒకటి రెండు అంతస్తుల ఇండ్లకు కావలసిన దూలములు, బల్లలు అక్కడనే సిద్ధము చేయుదురు. మొదటి స్తంభము మొదలుకొని ప్రతి ముక్కకును గుర్తు వేయుదురు. వానిని పడవలకెక్కించి పట్టణమునకు దిగివచ్చి, అడిగినవారికి ఇండ్లు నిలబెట్టి, కూలి పుచ్చుకొని మరల అడవికి పోవుదురు. ముక్కలను ముందుగా తయారుచేసి తరువాత జతపరచుట నేటి కర్మాగారముల క్రొత్త విద్య అని అనుకొనువారు ఈ కథ వినవలెను.

ఆ కథలోనే కాలిలో చండ్రకొయ్య పేడు గ్రుచ్చుకొన్న ఏనుగు ఒకటి వారి వద్దకు వచ్చును. వడ్రంగులు పేడు తీసి గాయము మాన్పుదురు. దానికి బదులుగా ఏనుగు వారికి కొలువు చేయును. వారు చెక్కుచుండగా దుంగను దొర్లించును, బాడిస మొదలైనవి అందించును, నల్లత్రాటి కొసను తొండముతో పట్టి నిలుచును. ఈ నల్లత్రాడే సూత్రము. మసిలోనో కావిలోనో ముంచిన త్రాటిని రెండు కొసల బిగించి నడుమ పట్టి లాగి వదలినచో దుంగపై తిన్నని గీత పడును. నేడు అంగళ్లలో రంగుపొడి నింపిన డబ్బాలో చుట్టిన త్రాడు అమ్ముచున్నారు. డబ్బా క్రొత్తదే గాని లోపలి యుక్తి పాతదే.

రాతిలో మిగిలిన కొయ్య పని

కొయ్యకు చెదలు, వాన, నిప్పు శత్రువులు. కనుక పూర్వపు కొయ్య ఇండ్లు మనకు మిగులలేదు. ఐనను వడ్రంగి చేసిన దానిని చూచి రాతిపనివాడు అనుకరించినాడు. అందువలన వడ్రంగి విద్య రాతిలో నిలిచినది. ఏలూరు జిల్లా గుంటుపల్లిలోని గుండ్రని చైత్యగుహ లోపల పైకప్పునకు వాసములు చెక్కినారు. రాతి గుహకు వాసములతో పనియేమి? గుడిసె కప్పును రాతిలో దించుటయే వారి తలంపు. మహారాష్ట్రములోని కార్లే గుహలో ఇంకను విశేషము కలదు. అక్కడ రాతి కప్పు క్రింద నిజమైన కొయ్య వాసములనే వంచి అమర్చినారు. అవి సుమారు రెండు వేల ఏండ్లు గడచినను నేటికి ఉన్నవి. ముంబై, పూనా ప్రాంతముల మనవారు సెలవు దినమున పోయి చూడదగిన చోటు అది.

అమరావతి స్తూపము చుట్టు ఉన్న ప్రాకారమును తీసికొనండి. నిలువు స్తంభములకు బెజ్జములు తొలచి, అడ్డు కమ్ముల కొసలను వానిలో దూర్చినారు. రాతికి ఈ పద్ధతి అవసరము లేదు. ఇది కొయ్య కంచె కట్టు పద్ధతి. మన వడ్రంగులు ‘కుసి’ అనుమాట వాడుదురు. ఒక కొయ్య కొసను సన్నగా చెక్కినది కుసి, రెండవ కొయ్యలో దానికి సరిపడ తొలచినది బెజ్జము. మేకు లేకుండ మంచము కోడును పట్టెను కలుపునది ఈ కుసియే. చెన్నపట్నపు ఎగ్మూరు మ్యూజియములో అమరావతి రాళ్లను చూచునపుడు బొమ్మలతో పాటు ఆ బెజ్జములను కూడ ఒకసారి చూడవలెను.

రథము, బండి, ఓడ

రాతిలో మాత్రమే కాక, ఈ విద్య సజీవముగా మిగిలిన చోట్లు కూడ కలవు. పూరీలో ఏటేట మూడు రథములు క్రొత్తగా కట్టుదురు. అక్షయ తృతీయ నాడు పని ఆరంభమై ఆషాఢ శుద్ధ విదియ నాటికి పూర్తి కావలెను. జగన్నాథుని నందిఘోషమునకు 16 చక్రములు, బలభద్రుని తాళధ్వజమునకు 14, సుభద్ర దర్పదళనమునకు 12. మొత్తము 42 చక్రములు. మహారణాలను వంశములవారు తాతల నుండి వచ్చిన కొలతలతో వీనిని చేయుదురు. ఒడిశాలోని మన తెలుగువారు వీనిని ఏటేట చూచుచునే ఉన్నారు. తయారైన రథము కంటె తయారగుచున్న రథమును చూచుట ఎక్కువ లాభము.

పల్లె వడ్రంగికి రథము వంటిది ఎడ్లబండి. చక్రమునకు నడుమ కుంభి, దాని నుండి ఆకులు, ఆకుల కొసలకు పూటీలు. దీనికి నల్లతుమ్మ చేవ ప్రసిద్ధి. ఇన్ని ముక్కలను కుసులతో బిగించిన తరువాత కమ్మరి ఇనుప కట్టును ఎర్రగా కాల్చి తొడుగును. నీరు పోయగా కట్టు చల్లారి కుంచించి ముక్కలన్నిటిని ఒకటిగా బిగించును. వడ్రంగి ఒక వెండ్రుకవాసి తప్పినను కమ్మరి కట్టు దానిని దాచదు. కమ్మరి, వడ్రంగి, కంచరి, కాసె, అగసాలె అను ఐదు వృత్తులను మనవారు ఒకే తల్లి బిడ్డలుగా చెప్పుటలో ఇట్టి అనుభవము ఉన్నది.

యానాము వారికి వేరొక ఉదాహరణము దగ్గరలోనే కలదు. గోదావరి పాయ ఒడ్డున కోరంగి ఒకనాడు ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును పేరుపడిన రేవు. 1789లోను, 1839లోను వచ్చిన తుఫాను ఉప్పెనలు ఆ పట్టణమును నాశనము చేసినవి. ఐనను విద్య ఉప్పెనలో మునుగలేదు. ప్రక్కనే ఉన్న తాళ్లరేవు ప్రాంతములో కొయ్య నావల పని తరువాత కూడ సాగినది.

ఉక్కు మాట

పనిముట్టు ప్రాణము దాని అంచులో ఉన్నది. మెత్తని ఇనుము అంచు నిలువదు. మిక్కిలి గట్టి ఉక్కు పెళుసై విరుగును. అందుచేత పూర్వపు కమ్మరులు, ఇక్కడనేమి జపానులోనేమి, ఉలి శరీరమును ఇనుముతో చేసి, అంచునకు మాత్రము ఉక్కు ముక్కను అతికించినారు. ఉక్కు అంత విలువైనది.

ఈ ఉక్కు విషయములో తెలుగుదేశమునకు గొప్ప స్థానము కలదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో ఇనుమును కరిగించి ఉక్కు చేసినారు. దానిని కొనుటకు పారసీక వర్తకులు అంతదూరము వచ్చినారు. గోల్కొండ రాజ్యపు ఉక్కును గూర్చి ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే వ్రాసినాడు. ఇంగ్లీషువారు దీనిని ‘వూట్జ్’ అన్నారు. అది మన దక్షిణ భాషల ‘ఉక్కు’ అను మాట నుండి వచ్చినదని సామాన్యముగా చెప్పుదురు. 1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీలో దీనిని గూర్చి వ్యాసము చదివినాడు. విద్యుచ్ఛాస్త్రములో ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే 1819లో దీనిని పరీక్షించినాడు. కోనసముద్రపు పద్ధతిని వాయ్సీ అను ఆయన వర్ణించగా అది 1832లో అచ్చయినది.

ఇంగ్లండులో షెఫీల్డు వద్ద బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు 1740 ప్రాంతమున మూసలో ఉక్కు కరిగించు పద్ధతి సాధించినాడు. గడియారపు స్ప్రింగులకు మంచి ఉక్కు లేక బయలుదేరిన ప్రయత్నమది. దాని ఫలితముగా షెఫీల్డు ఉలులును రంపములును లోకమంతట వ్యాపించినవి. కోనసముద్రపు కొలుములు మాత్రము కాలక్రమమున ఆరిపోయినవి. మన కమ్మరి తరువాత పాత ఆకురాతిని, లారీ కమాను పట్టీని కాల్చి కొట్టి ఉలి చేయుటకు అలవాటు పడినాడు. అది కూడ తక్కువ విద్య కాదు. ఆ పట్టీ మంచి ఉక్కని గుర్తించుటకు అనుభవము కావలెను.

చిత్రిక రాక

ఇప్పటికి దొరకిన పాత చిత్రికలు రోమనులవి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము బ్రద్దలై పాంపే పట్టణమును బూడిదలో కప్పినపుడు అక్కడి పనివారి చిత్రికలు కూడ అందులో నిలిచిపోయినవి. రంపపు పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచినచో పొట్టు బయటకు పోవునని వ్రాసిన ప్లీనీ అను పండితుడు ఆ ఉత్పాతములోనే మరణించినాడు. ఆయన చెప్పిన ఆ వంపు నేటికిని ప్రతి రంపములోను చూడవచ్చును.

మన దేశములో హిందీ, మరాఠీ భాషలు చిత్రికను ‘రంధా’, ‘రందా’ అనును. అది పారసీక పదము. మాట వచ్చినంత మాత్రమున వస్తువు కూడ ఆనాడే వచ్చినదని నిశ్చయింపరాదు. ఏలనన అరవములో ‘ఇళైప్పుళి’ అనియు, మనలో చిత్రిక, తోపడ అనియు సొంత పేర్లు ఉన్నవి. జపానులో ఏడవ శతాబ్దపు హోర్యూజీ ఆలయమును కట్టినవారికి నేటి చిత్రిక తెలియదు. వారు ఈటె వంటి కత్తితో నునుపు చేసినారు. కొయ్య దిమ్మలో కత్తి బిగించిన చిత్రిక అక్కడకు ఎన్నో శతాబ్దముల తరువాతనే చేరినది.

మన భాషలో ఈ పనిముట్టు ఎంత ఇమిడిపోయినదనగా, వ్యాసమును సరిదిద్దుటను కూడ ‘చిత్రిక పట్టుట’ అందుము. వ్రాయువానికి వడ్రంగి ఇచ్చిన మాట ఇది.

లాగుట, త్రోయుట

ఇంగ్లీషు రంపము త్రోసినపుడు కోయును. జపాను రంపము లాగినపుడు కోయును. మన పాత రంపములు కూడ లాగినపుడు కోయునవే. ఈజిప్టు రంపమును రాగితో చేసిరి గనుక త్రోసినచో వంగును, లాగినచో తిన్నగా సాగును. ఇనుము, ఉక్కు వచ్చిన తరువాత కూడ మనవారు లాగుడును విడువకుండుటకు కారణము కూర్చునే పద్ధతి. మన వడ్రంగి నేలపై కూర్చుండి, కాలి వ్రేళ్లతో కొయ్యను అదిమి, దానిని తనవైపునకు లాగుకొనును. అతని పాదమే బిగింపు మర, అతని నేలయే బల్ల.

పూర్వపు దొరలలో కొందరు దీనిని మొరటుతనముగా చూచినారు. అది సరికాదు. ఊరూర తిరిగి, వాకిట కూర్చుండి పనిచేయువాడు బరువైన బల్లను మోసికొని పోలేడు. సంచిలో పట్టినదే అతని కర్మాగారము. నాలుగైదు పనిముట్లతో ద్వారబంధమంతటిని ముగించుట చేతకాని పని కాదు, చేవగల పని. ఐతే నిలబడి బల్లపై పనిచేయుటలో కూడ మేలున్నది. పొడవైన బల్లను చిత్రిక పట్టునపుడు శరీరపు బరువంతయు పనికి వచ్చును, నడుము వంగదు. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అను వాదము వ్యర్థము. పనిని బట్టి పద్ధతి.

కర్మాగారముల కాలము

ఐరోపాలో జోసెఫ్ మాక్సన్ అను ముద్రాపకుడు 1678 నుండి చేతిపనులను గూర్చి భాగములుగా ప్రకటించిన పుస్తకములో వడ్రంగి పనిముట్లను ఒక్కొక్కటిగా వర్ణించినాడు. ఫ్రాన్సులో రూబో అను వడ్రంగియే 1769 నుండి 1774 వరకు తన విద్యపై పెద్ద గ్రంథము వెలువరించినాడు. మనలో తండ్రి చేతి నుండి కొడుకు చేతికి పోయిన విద్యను అక్కడ కాగితముపై పెట్టినారు. అందుచేత ఆ విద్య ఆ కులమునకే కాక కావలసినవారికందరకు దొరకినది. ఈ తేడాను మనము గుర్తుంచుకొనవలెను.

ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ రేవున బ్రూనెల్, మాడ్‌స్లే అనువారు 1802 నుండి 1808 లోపల ఓడల కప్పీలను చేయు యంత్రములు నిలిపినారు. చేతిపనివారు చేయు పని యంత్రము వంతు అగుట అక్కడ గట్టిగా మొదలైనది. అమెరికాలో లియొనార్డు బెయిలీ ఇనుప చిత్రికకు మరచుట్టుతో కత్తిని దించు, ఎత్తు ఏర్పాటు చేసినాడు. అతని హక్కులను 1869లో స్టాన్లీ కంపెనీ కొన్నది. నేడు ఏ అంగడిలో ఇనుప చిత్రిక కొన్నను దాని వెనుక ఆ బెయిలీ ఏర్పాటే కనబడును. వానిలో నాలుగవ నంబరుది 9 అంగుళములు, ఐదవ నంబరుది 14 అంగుళముల పొడవు.

మన దేశములో రైలు వడ్రంగికి పెద్ద అన్నదాత అయినది. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకు మొదటి ప్రయాణపు రైలు నడచినది. ఆ తరువాత నూరేండ్లు పెట్టెలలో టేకు కొయ్యదే రాజ్యము. బల్లలు, తలుపులు, కిటికీ పలకలు అన్నియు కొయ్యవే. 1885లో నెలకొన్న మా హుబ్బళ్లి కర్మాగారము వంటి చోట్ల వడ్రంగి విభాగమునకు పెద్ద పేరు. 1955 అక్టోబరు 2న పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమై పూర్తి ఉక్కు పెట్టెలు చేయసాగినది. ప్రయాణికునికి అది క్షేమము. ప్రమాదములో కొయ్య పెట్టె పగిలినట్లు ఉక్కు పెట్టె పగులదు. ఐతే వడ్రంగికి మాత్రము పని తగ్గినది. ఒకరి మేలు ఇంకొకరి ఉపాధిని కదలించుట చరిత్రలో క్రొత్త కాదు. కదలినవాని విద్యకు వేరొక చోటు చూపుట సమాజపు పని.

ఎన్నుకొనుట, వాడుట

ఇంతవరకు చెప్పిన చరిత్ర మన ఇంటికి ఎట్లు పనికివచ్చునో కొంచెము చూతము. ఇంట నాలుగు చిన్న పనులు చేసికొనదలచినవారు పెద్ద పెట్టె కొననక్కరలేదు. ఒక రంపము, మూడు ఉలులు, ఒక చిత్రిక, ఒక మూలమట్టము, ఒక కొయ్య సుత్తి, ఒక నూనెరాయి చాలును.

రంపము కొనునపుడు పళ్లు చూడవలెను. కొయ్య నార వెంబడి నిలువుగా చీల్చు రంపమునకు పళ్లు పెద్దవై చిన్న ఉలుల వలె ఉండును. నారకు అడ్డముగా కోయు రంపమునకు పళ్లు చిన్నవై కత్తిమొనల వలె ఉండును. ఒకదాని పని ఇంకొకదానితో చేసినచో చేయి నొచ్చును, కొయ్య చిట్లును. పళ్ల కొసలు నీలి రంగుగా ఉన్న రంపములు కాల్చి గట్టిపరచినవి. వానికి ఆకురాయి పట్టదు. మొద్దుబారినచో పారవేయవలసినదే. మూడుమూలల ఆకురాతితో పదును పెట్టదగిన రంపము ఖరీదు ఎక్కువైనను చాల ఏండ్లు వచ్చును.

ఉలులలో 6, 12, 25 మిల్లీమీటర్ల వెడల్పుగలవి మొదట చాలును. ఉలి వెనుక భాగము అద్దమువలె చదునుగా ఉండవలెను. పదును ఏటవాలు 25 డిగ్రీలు, కొసన 30 డిగ్రీలు ఉన్నచో సామాన్యపు పనికి సరి. పిడికి పొన్ను ఉన్నదో లేదో చూడవలెను. పొన్ను లేని పిడి నాలుగు దెబ్బలకు చీలును. కొయ్య పిడిపై ఇనుప సుత్తితో కొట్టరాదు. ఉలి ముందు ఎన్నడును రెండవ చేయి ఉంచరాదు. పిల్లలకు మొదట నేర్పవలసిన పాఠము ఇదే.

చిత్రిక అడుగు చదునుగా ఉన్నదో లేదో అంగడిలోనే తిన్నని బద్ద పెట్టి చూడవచ్చును. వెలుతురు సందులో నుండి కనబడినచో దానిని అక్కడనే వదలి రావలెను. కత్తి అతి కొంచెము మాత్రమే బయటికి రావలెను. నార వాలు చూచి దాని వెంబడి త్రోయవలెను. ఎదురు నార పట్టినచో ఎంత పదునైన చిత్రికయైనను చెక్కను చింపును. చిత్రిక పొట్టు ఉల్లిపొర వలె సన్నగా చుట్టలు చుట్టుకొని వచ్చినచో అన్నియు సరిగా ఉన్నట్లు.

మూలమట్టమును పరీక్షించుటకు సులభోపాయము కలదు. తిన్నని అంచుగల బల్లపై ఒక గీత గీసి, మట్టమును త్రిప్పి పెట్టి అదే చోట మరల గీయవలెను. రెండు గీతలు ఒకటైనచో మట్టము నిజము చెప్పుచున్నది. విడిపోయినచో అబద్ధము చెప్పుచున్నది.

వానకాలములో ఇనుమునకు తుప్పు పట్టును. పని అయిన వెంటనే తుడిచి, కొంచెము మరనూనె పూసి పెట్టవలెను. విజయదశమి నాడు పనిముట్లకు పూజ చేయు ఆచారము మనది. ఆ దినమున కడిగి బొట్టు పెట్టిన బాడిస తక్కిన దినములలో తుప్పు పట్టి ఉన్నచో పూజ సగమే అయినట్లు.

అటకమీది పెట్టె

వలస వచ్చిన మన కుటుంబములలో కొన్నిటికి తాతలో ముత్తాతలో వడ్రంగులు. వారు మూట కట్టుకొని వచ్చినపుడు బియ్యముతో పాటు బాడిస కూడ తెచ్చుకొన్నారు. ఆ బాడిస కూడు పెట్టినది, ఇల్లు నిలిపినది. నేడు మనుమలు వేరు ఉద్యోగములలో ఉన్నారు. అది తప్పు కాదు. ఐతే ఇల్లు మారునపుడు అటకమీది పాత పెట్టెను పాత ఇనుము వ్యాపారికి తూకము వేసి అమ్ముట మాత్రము విచారింపదగినది. ఆ ఇనుములో కమ్మరి అతికించిన ఉక్కు ఉండవచ్చును. ఆ పిడిపై తాతగారి అరచేతి అరుగుదల ఉండును. తూకపు రాయి ఆ రెంటిని లెక్కింపదు.

అమ్ముటకు ముందు మూడు పనులు చేయవచ్చును. మొదటిది, ఇంటి పెద్దలను అడిగి ఒక్కొక్క పనిముట్టు తెలుగు పేరును ఒక కాగితముపై వ్రాసికొనుట. పెద్దలు వెళ్లిపోయిన తరువాత ఆ పేర్లు నిఘంటువులలో కూడ అన్నియు దొరకవు. రెండవది, తుప్పు తీసి పదును పెట్టించి చూచుట. మంచి పాత ఉలి అనేకసార్లు క్రొత్తదానిని మించును. మూడవది, మన ఇంట వాడువారు లేకున్నచో నేర్చుకొను కుర్రవానికి ఇచ్చుట. సంఘములో ఇట్టి పనిముట్లను ఒకచోట చేర్చి, సెలవులలో పిల్లలకు ఒక పీట చేయుట నేర్పగలిగినచో అది నాటకమునకును, పాటకచేరికిని తీసిపోని కార్యక్రమము అగును. పీట చేసిన పిల్లవానికి కుసి, బెజ్జము, చేవ, చిత్రిక అను మాటలు ఎవరును వల్లె వేయించనక్కరలేదు. చేతిలో నుండియే నోటికి వచ్చును.

మాట నిలుచుటకు పని కావలెను, పని నిలుచుటకు పనిముట్టు కావలెను. ఈ నూతన సంవత్సరమున మన గుమ్మములు పచ్చని తోరణములతోను, మన ఇండ్లు పనిచేయు చేతులతోను కళకళలాడవలెనని కోరుచు, పాఠకులకందరకు ఉగాది శుభాకాంక్షలు.